శ్వాసకోశ వైరస్ వ్యాధుల చరిత్రలో జీర్ణకోశ లక్షణాలు: 1889 నుంచి 2020 వరకు ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇన్‌ఫ్లూయెంజా, సార్స్, కోవిడ్-19 వ్యాధులను వైద్యశాస్త్రం శ్వాసకోశ వ్యాధులుగా వర్గీకరించింది. అయితే ఇవి వ్యాపించిన ప్రతి సందర్భంలోనూ వికారం, వాంతులు, విరేచనాలతో వైద్యులను ఆశ్రయించిన రోగులు ఉన్నారు. వారిని ఏ లెక్కలో చేర్చారు, ఏ లెక్క నుంచి తప్పించారు అన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం. వ్యాధికి పెట్టిన పేరు పరీక్షల పరిధిని ఎలా నిర్ణయించిందో, ఆ పరిధి వెలుపల ఉండిపోయిన రోగుల వల్ల వ్యాధి నియంత్రణకు, చరిత్ర రచనకు ఎలాంటి చిక్కులు వచ్చాయో ఇందులో పరిశీలించడమైంది.

కీలక పదాలు: ఇన్‌ఫ్లూయెంజా, కరోనా వైరస్, సార్స్, జీర్ణకోశం, విరేచనాలు, వ్యాధి వర్గీకరణ, మరణాల నమోదు, మురుగునీటి పరీక్ష.

1. ఉపోద్ఘాతం

2020 జనవరిలో వుహాన్ నగరం నుంచి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి తిరిగి వచ్చిన ఒక వ్యక్తికి కొత్త కరోనా వైరస్ సోకినట్లు నిర్ధారణ అయింది. అమెరికాలో నమోదైన తొలి కేసు అదే. ఆ రోగి వైద్య వివరాలు కొద్ది వారాల్లోనే ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడ్డాయి. ఆసుపత్రిలో చేరేనాటికి ఆయనకు పొడి దగ్గుతో పాటు రెండు రోజులుగా వికారం, వాంతులు ఉన్నాయి. ఊపిరాడని బాధ గానీ, ఛాతీలో నొప్పి గానీ లేవు. చేరిన రెండో రోజు పలుచని విరేచనం అయింది. వైద్యులు ముక్కు, గొంతు నమూనాలతో పాటు మలం నమూనా కూడా సేకరించి పరీక్షకు పంపారు. అందులో వైరస్ జన్యు పదార్థం కనిపించింది. రక్తపు నమూనాలో మాత్రం కనిపించలేదు.

ఈ విషయం అప్పట్లో చాలామందికి కొత్తగా తోచింది. నిజానికి ఇందులో కొత్తదనం తక్కువ. పదిహేడేళ్ల ముందు హాంకాంగ్ వైద్యులు ఇదే కుటుంబానికి చెందిన మరో వైరస్‌ను రోగుల పేగుల్లో చూశారు. అంతకు నూట పదేళ్లకు పైగా ముందు జర్మన్ వైద్యులు ఇన్‌ఫ్లూయెంజాలో ‘ఉదర రూపం’ ఒకటి ఉందని రాసుకున్నారు. ఒకసారి తెలిసిన విషయం తర్వాతి తరానికి మళ్లీ కొత్తగా ఎందుకు కనిపించింది? రోగులు మారడం వల్లనా, వైరస్ మారడం వల్లనా, లేక వైద్యులు చూసే పద్ధతి మారడం వల్లనా? ఈ ప్రశ్నకు సమాధానం వైరస్‌ల స్వభావంలో కన్నా వ్యాధులను విభజించి, పేర్లు పెట్టి, లెక్కించిన విధానంలోనే ఎక్కువగా దొరుకుతుంది.

2. 1889–90: మూడు రూపాల జ్వరం

1889 చివరి నెలల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి యూరప్ నగరాలకు పాకిన మహమ్మారిని అప్పటి పత్రికలు ‘రష్యన్ ఫ్లూ’ అన్నాయి. రైలు మార్గాలు, ఆవిరి ఓడలు అప్పటికే ఖండాలను కలిపివేశాయి. వ్యాధి ఎంత వేగంగా ప్రయాణించిందో, టెలిగ్రాఫ్ ద్వారా దాని వార్త అంతకన్నా వేగంగా ప్రయాణించింది. ఏ నగరంలో ఎప్పుడు మొదలైందో పోల్చి చూసుకునే అవకాశం వైద్యులకు ఇంత విస్తృతంగా దొరకడం అదే మొదటిసారి.

కొలోన్ నగర వైద్యుడు ఒట్టో లైష్టెన్‌స్టెర్న్ ఈ మహమ్మారి గురించి సవిస్తరమైన గ్రంథం రాశాడు. ఆయనా, ఆయన సమకాలికులూ ఇన్‌ఫ్లూయెంజాను ప్రధానంగా మూడు రూపాలుగా వర్ణించారు. మొదటిది శ్వాస రూపం, రెండోది ఉదర రూపం, మూడోది నాడీ రూపం. ఒకే ఇంట్లో ఒకరికి దగ్గు, మరొకరికి వాంతులు, ఇంకొకరికి భరించలేని తలనొప్పి రావచ్చునని, అవన్నీ ఒకే వ్యాధి అని వారి అవగాహన. వారి దగ్గర పరీక్షలు లేవు, వైరస్ అనే భావనే లేదు. వారు ఆధారపడింది మంచం పక్కన కూర్చుని చూసిన దాని మీద, పక్కింట్లో ఏం జరుగుతోందన్న సమాచారం మీద మాత్రమే. ఆ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. వ్యాధి ఏ అవయవానిదో ముందుగా తేల్చుకోవలసిన అగత్యం వారికి లేదు.

దాని లోపం కూడా అంతే పెద్దది. మహమ్మారి కాలంలో కనిపించిన ప్రతి వాంతినీ, ప్రతి విరేచనాన్నీ ఇన్‌ఫ్లూయెంజా ఖాతాలో వేసే వీలు ఆ వర్గీకరణలో ఉంది. కలుషిత నీటి వల్ల వచ్చిన అతిసారం ఎంత, ఇన్‌ఫ్లూయెంజా వల్ల వచ్చినదెంత అని విడదీసే మార్గం ఆనాడు లేదు. జర్మన్‌లో ‘పేగుల ఫ్లూ’ అనే అర్థమిచ్చే మాట, ఇంగ్లీషులో ‘స్టమక్ ఫ్లూ’ అనే మాట నేటికీ జనం నోట నిలిచి ఉన్నాయి. మన నగరాల్లోనూ ఈ రెండో మాట వినిపిస్తూనే ఉంటుంది.

అవయవాన్ని బట్టి జ్వరాన్ని విభజించడం అన్ని వైద్య సంప్రదాయాల్లోనూ లేదు. ఆయుర్వేదం జ్వరానికి మూలాన్ని ఆమాశయంతో, జఠరాగ్నితో ముడిపెట్టింది. జ్వరం, విరేచనాలు కలిసి వచ్చే స్థితికి ‘జ్వరాతిసారం’ అని ప్రత్యేకంగా పేరు పెట్టి చికిత్స చెప్పిన గ్రంథాలు ఉన్నాయి. జ్వరం రాగానే అన్నం మాన్పించి లంఖణం పెట్టడం, తగ్గాక పథ్యంతో మొదలుపెట్టడం తెలుగు ఇళ్లలో నిన్న మొన్నటి వరకు మామూలు సంగతి. దీన్ని చూపి వైరస్ సంగతి పూర్వీకులకు ముందే తెలుసునని వాదించడం చరిత్ర కాదు. జ్వరాన్నీ కడుపునూ వేరుచేయని ఆలోచన ఒకటి సహజంగానే ఉండేదని చెప్పడం వరకే దీని ప్రయోజనం.

1889–90 మహమ్మారికి కారణం ఏమిటన్నది ఇప్పటికీ వివాదాస్పదమే. వృద్ధుల రక్తంలోని ప్రతిరక్షకాలను పరీక్షించి అది ఒక రకం ఇన్‌ఫ్లూయెంజా అని చాలాకాలం భావించారు. 2005లో బెల్జియం పరిశోధకులు మనుషుల్లో జలుబు కలిగించే ఓసీ43 అనే కరోనా వైరస్ జన్యుక్రమాన్ని, పశువుల కరోనా వైరస్ జన్యుక్రమంతో పోల్చారు. ఆ రెండూ సుమారు 1890 ప్రాంతంలో ఒకే మూలం నుంచి విడిపోయి ఉంటాయని అంచనా వేశారు. అంటే ‘రష్యన్ ఫ్లూ’ అసలు ఫ్లూ కాకపోవచ్చు. ఇది ఊహ స్థాయిని దాటలేదు. అయినా పశువుల్లో ఆ వైరస్ చేసే పని గమనార్హమైనది. అది దూడలకు పారుడు రోగాన్నీ, పశువులకు ఊపిరితిత్తుల వ్యాధినీ కూడా తెస్తుంది.

3. 1918: రిజిస్టరులోని గడులు

1918 మహమ్మారి నాటికి బ్రిటిష్ ఇండియాలో మరణాల నమోదుకు స్థిరమైన పద్ధతి ఏర్పడి ఉంది. గ్రామాధికారులు మరణాలను రాసి పైకి పంపేవారు. వార్షిక నివేదికల్లో కారణాలకు కొన్ని గడులే ఉండేవి. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, అతిసారం–జిగట విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, గాయాలు, ఇతర కారణాలు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల మరణాలూ ఈ గడుల్లోకే చేరాయి.

ఇన్‌ఫ్లూయెంజాకు ఈ పట్టికలో చోటు లేదు. భారతదేశంలో ఆ మహమ్మారికి బలైనవారి సంఖ్యను చరిత్రకారులు 1.2 కోట్ల నుంచి 1.8 కోట్ల వరకు అంచనా వేస్తారు. ఆ మరణాల్లో అత్యధిక భాగం ‘జ్వరాలు’ అనే గడిలో పడ్డాయి, కొంత భాగం ‘శ్వాసకోశ వ్యాధులు’ గడిలో పడింది. మామూలు సంవత్సరాల కన్నా ఎన్ని ఎక్కువ ఉన్నాయో చూసి మహమ్మారి మరణాలను లెక్కగట్టడమే చరిత్రకారులకు మిగిలిన మార్గం. జ్వరంతో పాటు విరేచనాలయి మరణించిన మనిషిని గ్రామాధికారి ఏ గడిలో రాసి ఉంటాడు? వైద్య శిక్షణ లేని అతడు ఇంటివాళ్లు చెప్పిన మాటను బట్టి రాశాడు. వారికి జ్వరం ముఖ్యమని తోస్తే జ్వరం, విరేచనాలు ముఖ్యమని తోస్తే అతిసారం. 1918లో పలు దేశాల్లో వైద్యులు సైతం ఈ వ్యాధిని తొలిదశలో కలరాగా, టైఫాయిడ్‌గా, డెంగీగా పొరబడిన సందర్భాలు ఉన్నాయి. గ్రామాధికారిని నిందించి ప్రయోజనం లేదు. అతని చేతికిచ్చిన కాగితమే అటువంటిది.

ఈ చిక్కుకు రెండో ముఖం గాంధీజీ అనారోగ్యం విషయంలో కనిపిస్తుంది. 1918లో ఆయనకు స్పానిష్ ఫ్లూ సోకిందని అనేక రచనల్లో రాశారు. 2020లో ఈ మాట మరింత విరివిగా ప్రచారమైంది. ఆత్మకథలో గాంధీజీ చెప్పింది వేరు. ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని జనాన్ని కోరుతూ ఊరూరా తిరుగుతున్న రోజుల్లో ఆయన వేరుశనగ ముద్ద, నిమ్మపండ్లతో ఎక్కువగా గడిపారు. దానితో కొద్దిగా జిగట విరేచనాలు పట్టుకున్నాయి. పండుగ రోజున కస్తూరిబా చేసిన తీపి గోధుమ జావను, పెసలను కాదనలేక తిన్నారు. గంట తిరగకుండానే వ్యాధి ముదిరింది. రోజుకు ముప్పై నలభై విరేచనాలయ్యాయని, మందు వద్దని మొండికేశానని, మరణం దగ్గరపడిందనుకున్నానని ఆయన రాసుకున్నారు. అంబాలాల్ సారాభాయ్ దంపతులు ఆయనను అహమ్మదాబాద్‌లోని తమ బంగళాకు తీసుకువెళ్లారు. కోలుకోవడానికి నెలలు పట్టింది. మేకపాలు తాగడం మొదలుపెట్టింది కూడా ఈ అనారోగ్యం తర్వాతనే.

ఈ కథనంలో జ్వరం ఉంది, నీరసం ఉంది. దగ్గు గానీ, ఊపిరి తీసుకోవడంలో బాధ గానీ లేవు. మహమ్మారి తొలి కెరటం ఆ ఏడాది జూన్ నుంచి బొంబాయిలో ఉంది, మారణహోమం సృష్టించిన రెండో కెరటం సెప్టెంబరులో మొదలైంది. గాంధీ కుటుంబాన్ని ఇన్‌ఫ్లూయెంజా తాకకపోలేదు. పెద్ద కుమారుడు హరిలాల్ భార్య ఆ ఏడాదే దానికి బలయింది. కాలం కుదిరింది, కుటుంబంలో ఒక మరణం ఉంది, రోగికి జ్వరం ఉంది. కాబట్టి ఫ్లూయే అని కొందరు రచయితలు జోడించేశారు. ఇన్‌ఫ్లూయెంజాలో విరేచనాలు ఉండవచ్చు గనుక ఈ విరేచనాలు ఇన్‌ఫ్లూయెంజావే అన్నది తర్కం కాదు. రోగి స్వయంగా తిన్న తిండిని, వ్యాధి ముదిరిన క్రమాన్ని, తర్వాత జరిగిన చికిత్సను ఇంత వివరంగా రాసిపెట్టినప్పుడు, దాన్ని పక్కనపెట్టి మహమ్మారిని తెచ్చి అతికించడానికి గట్టి ఆధారం కావాలి. అటువంటి ఆధారం ఆత్మకథలో లేదు. గ్రామాధికారి రిజిస్టరు ఉదర లక్షణాలున్న ఇన్‌ఫ్లూయెంజా రోగులను పోగొట్టి ఉంటుంది. నూరేళ్ల తర్వాతి రచయితలు ఇన్‌ఫ్లూయెంజా కాని రోగిని తెచ్చి చేర్చారు. రెండూ లెక్కను చెడగొట్టేవే.

4. ప్రయోగశాల గీసిన గీత

1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లైడ్లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మానవ ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను వేరుచేశారు. రోగులు గొంతు పుక్కిలించిన నీటిని ముంగిసను పోలిన ఫెరెట్ అనే జంతువు ముక్కులో వేసి, దానికి జ్వరం, జలుబు తెప్పించారు. నమూనా గొంతు నుంచి వచ్చింది, చేరింది ముక్కుకు. అక్కడి నుంచి ఇన్‌ఫ్లూయెంజా నిర్ధారణ అంటే ముక్కు, గొంతు పరీక్షే అయింది. లైష్టెన్‌స్టెర్న్ చెప్పిన మూడు రూపాల్లో ప్రయోగశాల ఒకదాన్నే నిలుపుకుంది.

మిగిలిన ‘స్టమక్ ఫ్లూ’కు వేరే కారణాలు దొరికాయి. 1968లో ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ పట్టణపు పాఠశాలలో వాంతులు, విరేచనాలు చెలరేగాయి. ఆ నమూనాల్లో ఆల్బర్ట్ కపికియన్ 1972లో ఒక వైరస్‌ను చూశాడు. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పసిపిల్లల పేగుల్లో రోటా వైరస్‌ను కనుగొంది. కడుపు వ్యాధులకు కడుపు వైరస్‌లు, ఊపిరి వ్యాధులకు ఊపిరి వైరస్‌లు అన్న చక్కటి విభజన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. ఇది చాలావరకు సరైనదే. ఈ విభజన వల్లే రోటా వైరస్ టీకా సాధ్యమైంది. హైదరాబాద్‌లో తయారైన అటువంటి టీకా 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల పిల్లలకు అందడం మొదలైంది. అయితే చక్కటి గీత గీసిన చోట గీత మీద నిలబడినవాళ్లు కనిపించకుండా పోతారు.

గీతకు రెండు పక్కలా ఉండే వైరస్‌లు ఆ దశాబ్దంలోనే బయటపడ్డాయి. 1978లో రాబర్ట్ వెబ్‌స్టర్ బృందం ఇన్‌ఫ్లూయెంజా వైరస్ బాతుల పేగుల్లో పెరిగి మలం ద్వారా విడుదలవుతుందని చూపింది. నీటి పక్షుల్లో ఇది ప్రధానంగా పేగుల వైరస్, ఊపిరితిత్తుల వైరస్‌గా మనం ఎరిగినది దాని మానవ రూపం. కరోనా వైరస్‌ల సంగతీ ఇటువంటిదే. పశువైద్యులు 1930లలో కోళ్ల శ్వాసనాళ వ్యాధినీ, 1940లలో పందిపిల్లల ప్రాణాంతక విరేచనాలనూ వర్ణించారు. ఆ రెండింటికీ కారణం ఒకే కుటుంబపు వైరస్‌లని తర్వాత తేలింది. మనుషుల వైద్యులకు మాత్రం 1960లలో కనుగొన్న కరోనా వైరస్‌లు జలుబు వైరస్‌లు, అంతే.

ఈ సందర్భంలో దక్షిణ భారతదేశానికి చెందిన ఒక పరిశోధన ప్రస్తావించదగినది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల అంటే రాయలసీమ రోగులకు పొరుగూరి ఆసుపత్రి. అక్కడి మథాన్ దంపతులు, బేకర్ తదితరులు పేగుల వ్యాధులపై పనిచేస్తూ మలం నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలించారు. కరోనా వైరస్‌లను పోలిన, అంచున ముళ్లున్న కణాలు వాటిలో కనిపించాయి. 1975లో ‘లాన్సెట్’ పత్రిక దీన్ని ప్రచురించింది. అదే సంవత్సరం బ్రిస్టల్ నుంచి కూడా ఇటువంటి నివేదికే వచ్చింది. ఈ కణాలు రోగుల్లోనే కాక ఆరోగ్యవంతుల్లోనూ కనిపించడంతో అవి వ్యాధికారకమని తేల్చడం కుదరలేదు. వాటిని అందరూ ఒప్పుకునేలా ప్రయోగశాలలో పెంచడమూ కుదరలేదు. ఆ పరిశోధన క్రమంగా పక్కకు జరిగింది. మనిషి పేగుల్లో కరోనా వైరస్ ఉండగలదా అన్న ప్రశ్నను పాతికేళ్లకు పైగా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

5. 2003: అమోయ్ గార్డెన్స్

2003 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వ్యాధికి ‘తీవ్ర శ్వాసకోశ లక్షణ సముదాయం’ అనే అర్థమిచ్చే సార్స్ అన్న పేరు పెట్టింది. అనుమానిత కేసు అంటే ఎవరో కూడా నిర్వచించింది. 38 డిగ్రీల సెల్సియస్‌కు మించిన జ్వరం, దగ్గు లేదా ఊపిరాడని బాధ, రోగితో సన్నిహిత సంబంధం లేదా వ్యాధి ఉన్న ప్రాంతం నుంచి రావడం. వ్యాధికారకం ఇంకా తెలియని ఆ రోజుల్లో అంతకన్నా మెరుగైన నిర్వచనం సాధ్యం కాదు. కానీ ఆ నెల చివరికి హాంకాంగ్‌లోని ఒక నివాస సముదాయం ఈ పేరు చెప్పని విషయాన్ని చూపించింది.

కౌలూన్‌లోని అమోయ్ గార్డెన్స్‌లో బ్లాకులన్నీ బహుళ అంతస్తుల భవనాలే. ‘ఇ’ బ్లాకులో 33 అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు. మార్చి 14న, తిరిగి 19న ఒక రోగి ఆ బ్లాకులోని బంధువుల ఇంటికి వచ్చాడు. మూత్రపిండాల వ్యాధికి చికిత్స పొందుతున్న ఆ వ్యక్తికి అప్పటికే విరేచనాలు అవుతున్నాయి, ఆ ఇంట్లోని మరుగుదొడ్డి వాడాడు. ఏప్రిల్ మధ్యకల్లా ఆ సముదాయంలో 321 కేసులు తేలాయి. వాటిలో సుమారు 41 శాతం ఒక్క ‘ఇ’ బ్లాకువే. మార్చి 31న ఆ బ్లాకును దిగ్బంధించి, మరునాడు అందులోని వారిని విడిది శిబిరాలకు తరలించారు. చివరికి 42 మంది మరణించారు.

ఒకరినొకరు ఎరగని, వేర్వేరు అంతస్తుల్లో ఉన్నవారికి వ్యాధి ఎలా చేరింది? దర్యాప్తు చేసినవారి దృష్టి పైపుల మీదికి మళ్లింది. ఒకే వరుసలో పైనుంచి కిందికి ఉన్న ఫ్లాట్ల మరుగుదొడ్లు, స్నానపు తొట్లు, నేల మీది తూములు అన్నీ ఒకే నిలువు పైపుకు కలిసి ఉన్నాయి. మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అనే వంపు పైపులో నీరు నిలిచి ఉంటేనే కింది గాలి పైకి రాదు. ఆ ఇళ్లవారు స్నానపు గది నేలను నీళ్లు పోసి కడగకుండా తడిగుడ్డతో తుడిచేవారు కాబట్టి చాలా ఇళ్లలో ఆ వంపుల్లో నీరు ఎండిపోయింది. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయగానే అది పైపులోని గాలిని, దానితో పాటు తుంపరలను లోపలికి లాగింది. ఫ్యాను వాటిని ఫ్లాట్ల మధ్య ఉన్న ఇరుకు సందులోకి వదిలింది. ఈ మేరకు ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. 2004లో వచ్చిన మరో విశ్లేషణ, గాలి ద్వారా వ్యాప్తి పక్క బ్లాకుల కేసులను కూడా వివరించగలదని చూపింది. రెండు వాదాలకూ మూలం ఒక్కటే. వైరస్ మలంలో ఉండాలి, అదీ పెద్ద మొత్తంలో ఉండాలి.

రోగుల వివరాలు దీన్ని బలపరిచాయి. అక్కడి రోగుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి విరేచనాలు అయ్యాయి. ఈ సముదాయానికి చెందిన 75 మందిని అనుసరించిన ఒక అధ్యయనంలో ఇది 73 శాతం. మరో ఆసుపత్రిలోని 138 మందిలో మాత్రం వ్యాధి కాలంలో ఎప్పుడో ఒకప్పుడు విరేచనాలైనవారు 38 శాతమే. ఈ రెండో బృందం పేగు కణజాలాన్ని మైక్రోస్కోపులో చూసింది. వైరస్ పేగు కణాల్లో చురుకుగా పెరుగుతోంది, అయినా పేగు గోడ నిర్మాణం పెద్దగా చెడలేదు. వ్యాధి పేరులోని ‘శ్వాసకోశ’ అన్న మాటను ఎవరూ మార్చలేదు, మార్చవలసిన అవసరమూ బహుశా లేదు. రోగులు మరణించింది ఊపిరితిత్తులు చెడే. వ్యాధి ఒక భవనమంతా పాకింది మాత్రం ఊపిరితిత్తుల ద్వారా ఒక్కటే కాదు.

6. 2004: దగ్గు లేని ఇన్‌ఫ్లూయెంజా

మరుసటి ఏడాది వియత్నాంలో నాలుగేళ్ల బాలుడు తీవ్రమైన విరేచనాలతో ఆసుపత్రికి వచ్చాడు. తర్వాత మూర్ఛలు, స్పృహ కోల్పోవడం, మరణం. వైద్యులు మెదడు వాపుగా భావించారు. అంతకు కొద్ది రోజుల ముందే తొమ్మిదేళ్ల అక్క ఇటువంటి లక్షణాలతోనే చనిపోయింది. మెదడు వాపు కారణాలపై జరుగుతున్న అధ్యయనం కోసం బాలుడి నమూనాలు దాచి ఉంచడం వల్ల, తర్వాత పరీక్షించినప్పుడు వాటిలో పక్షుల ఇన్‌ఫ్లూయెంజా హెచ్5ఎన్1 బయటపడింది. గొంతు, రక్తం, వెన్ను ద్రవం, మలం అన్నింటిలోనూ అది ఉంది. ఆసుపత్రికి వచ్చినప్పుడు దగ్గు గానీ, శ్వాస బాధ గానీ లేకపోవడంతో ఫ్లూ అనుమానమే రాలేదు. నమూనాలను దాచి ఉంచకపోతే ఆ మరణం పక్షుల ఫ్లూ లెక్కలోకి వచ్చేది కాదు. అక్క నమూనాలు లేవు కాబట్టి ఆమె మరణానికి నిర్ధారణ లేదు.

2009 స్వైన్ ఫ్లూ సమయంలో అమెరికాలో తొలి 642 మంది రోగుల్లో నాలుగో వంతు మందికి విరేచనాలు, నాలుగో వంతు మందికి వాంతులు అయ్యాయి. ఆ ఏడాది మే నెలలో భారతదేశపు తొలి కేసు హైదరాబాద్‌లో నిర్ధారణ అయింది. నగరంలో ఈ రోగులకు కేటాయించిన ప్రధాన కేంద్రం ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. శ్వాస వ్యాధికి ఛాతీ ఆసుపత్రిని ఎంచుకోవడం సహజమే. వ్యాధి ఏ అవయవానిదన్న నిర్ణయం ఆసుపత్రి పేరు దాకా ఎలా వెళుతుందో కూడా అది చూపుతుంది.

7. 2020: శాతాల తేడా

కోవిడ్-19 తొలి వారాల్లో వచ్చిన అధ్యయనాల్లో విరేచనాల శాతాలు పరస్పరం పొసగవు. చైనా వ్యాప్తంగా 1,099 మందిని పరిశీలించిన అధ్యయనంలో విరేచనాలైనవారు 3.8 శాతం, వికారం లేదా వాంతులున్నవారు 5 శాతం. వుహాన్‌లో ఒక ఆసుపత్రికి చెందిన 138 మందిలో 14 మందికి జ్వరం, ఆయాసం రావడానికి ఒకటి రెండు రోజుల ముందే విరేచనాలు, వికారం కనిపించాయి. కొన్ని నెలల తర్వాత అనేక అధ్యయనాలను కలిపి 4,243 మందిని లెక్కించినప్పుడు ఏదో ఒక జీర్ణకోశ లక్షణం ఉన్నవారు 17.6 శాతమని తేలింది. 4 నుంచి 18 దాకా ఉన్న ఈ తేడాకు వైరస్ మారడం కారణం కాదు. జ్వరం, దగ్గు ఉన్నవారికే పరీక్ష చేసినప్పుడు పరీక్షకు వచ్చినవారిలో అవే ఎక్కువగా కనిపిస్తాయి. విరేచనాలతో మొదలైనవారు పరీక్ష వరుసలోకే రాలేదు. వారిని కలుపుకోని లెక్కను చూపి వారు అరుదు అనడం చక్రాకారపు తర్కం. నలతగా ఉందని, కడుపు బాగోలేదని ఇంట్లోనే ఉండిపోయి, ఇంటివారందరితో కలిసి తిరిగినవారికి ఆ వారాల్లో ఇది కేవలం తర్కానికి సంబంధించిన విషయం కాదు.

కారణం ఏమిటన్నది త్వరలోనే స్పష్టమైంది. ఈ వైరస్ కణంలోకి ప్రవేశించడానికి వాడుకునే ఏసీఈ-2 అనే గ్రాహకం చిన్నపేగు లోపలి పొరలో సమృద్ధిగా ఉంటుంది. ప్రయోగశాలలో పెంచిన మానవ పేగు కణాలకు వైరస్ సోకగలదని 2020లోనే నిరూపించారు. ఆసుపత్రిలోని 73 మందిలో 39 మంది మలంలో వైరస్ ఆర్ఎన్ఏ కనిపించింది. వారిలో 17 మందికి ముక్కు, గొంతు నమూనాలు నెగెటివ్ వచ్చాక కూడా మలంలో అది కొనసాగింది. ఆర్ఎన్ఏ కనిపించినంత మాత్రాన అది బతికున్న వైరస్ కానక్కరలేదు. మలం ద్వారా వ్యాప్తి ఈ వ్యాధికి ప్రధాన మార్గమని ఎక్కడా రుజువు కాలేదు. అమోయ్ గార్డెన్స్ అనుభవాన్ని కోవిడ్-19కు యథాతథంగా అన్వయించడం, గాంధీజీ విరేచనాలను ఫ్లూకు అంటగట్టడం ఒకే కోవకు చెందిన పొరపాట్లు.

2020 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తన లక్షణాల పట్టికలో వికారం, విరేచనాలు చేర్చింది. ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమానిత కేసు నిర్వచనాన్ని సవరించింది. జ్వరంతో పాటు దగ్గు ఉండాలి, లేదా ఒక పట్టికలోని ఏవైనా మూడు లక్షణాలుండాలి. ఆ పట్టికలో ఆకలి లేకపోవడం, వికారం, వాంతులు ఒక అంశంగా, విరేచనాలు మరో అంశంగా చోటు చేసుకున్నాయి. 1889 వైద్యులు రాసుకున్నదానికి ఇది దూరపు చుట్టమే, కాకపోతే ఈసారి పరీక్షతో ముడిపడి ఉంది.

అదే ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ సంస్థల శాస్త్రవేత్తలు రోగులను అడగకుండానే రోగుల సంఖ్యను అంచనా వేసే ప్రయత్నాన్ని వెల్లడించారు. నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో అత్యధిక భాగం నుంచి నమూనాలు తీసి వైరస్ ఆర్ఎన్ఏ పరిమాణాన్ని కొలిచారు. సోకిన మనిషి మలంలో వైరస్ శకలాలు సుమారు 35 రోజుల పాటు వెలువడవచ్చునన్న లెక్కతో, ఆ కేంద్రాలకు చేరే నీటిలో రెండు లక్షల మంది జాడ ఉన్నట్లు తేల్చారు. శుద్ధి కేంద్రాలకు చేరేది నగరపు మురుగునీటిలో సుమారు 40 శాతమే కాబట్టి, మొత్తం నగరానికి అన్వయిస్తే అది దాదాపు 6.6 లక్షలు అవుతుంది. ఇందులో లక్షణాలున్నవారు, లేనివారు, అప్పటికే కోలుకున్నవారు అందరూ కలిసి ఉన్నారు. మురుగునీటిలోని వైరస్ వ్యాధిని కలిగించే స్థితిలో లేదని కూడా శాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. ఈ లెక్కలోకి రావడానికి ఎవరికీ దగ్గు ఉండనక్కరలేదు, విరేచనాలు కూడా ఉండనక్కరలేదు. ఇంటి మురుగు పైపు శుద్ధి కేంద్రానికి కలిసి ఉంటే చాలు. అలా కలిసి లేని 60 శాతం మురుగునీటి గురించి ఆ నమూనాలు నేరుగా ఏమీ చెప్పలేదు.